మైనం మెత్తగా ఉండగానే

మంచి ఆలోచన వస్తుంది. చేయగల శక్తీ ఉంటుంది. ఇంట్లో ఎవరూ వద్దనరు. అయినా పని మొదలు కాదు. "ఇంకొంచెం సరిచూసుకుని మొదలుపెడదాం" అనుకుంటూనే ఏడాది తిరిగిపోతుంది. ఎందుకిలా జరుగుతుంది? కొందరు దీన్ని బద్ధకం అనేస్తారు. ఆ మాట అన్యాయం. బద్ధకస్తుడు చేయని పని గురించి రాత్రిళ్లు మేలుకుని ఆలోచించడు. ఈ మనిషి మాత్రం ఆ పనినే తలుచుకుంటాడు, దాని గురించే చదువుతాడు, కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతాడు. చేయి మాత్రం పెట్టడు.

జగదల్‌పూర్‌లో ఒక తెలుగింటి ఆమెను ఊహించుకుందాం. ఇంద్రావతి ఒడ్డున ఉన్న ఈ ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాకు కేంద్రం. మనకు మరీ దూరపు ఊరేమీ కాదు. కొత్తవలస, అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు ఇక్కడ ఆగుతుంది. విజయవాడ వైపు నుంచి భద్రాచలం, కుంట దాటి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే రాయపూర్ వైపు పోతుంది. బస్తర్ అడవుల్లో చింతచెట్లకు కొదవ లేదు, జగదల్‌పూర్ చింతపండుకు పేరున్న మండీ. ఆ చింతకాయతో అమ్మమ్మ నేర్పిన తొక్కు నూరి, సీసాల్లో పెట్టి అమ్మాలని ఆమె కోరిక.

"ఏమ్మా, తొక్కు అమ్ముతానన్నావు, ఎంతవరకొచ్చింది?" అని పక్కింటావిడ అడుగుతుంది.

"లేబుల్ ఇంకా కుదర్లేదు పిన్నిగారూ. సీసా కూడా నచ్చలేదు. వచ్చే కాపుకు తప్పకుండా."

వచ్చే కాపూ వస్తుంది. ఈసారి పేరు నచ్చదు. ఆమె సీసాల ధరలు కనుక్కుంది, పది రకాల లేబుళ్లు గీయించింది, పచ్చళ్ల వీడియోలు చూసింది. ఒక్క సీసా తొక్కు మాత్రం ఇల్లు దాటలేదు. ఆమె మెదడులో ఏం జరుగుతోందో శాస్త్రం కొంతవరకు చెప్పగలదు. ఆ చిక్కులోంచి బయటపడే దారి కోసం ఆమె ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు. ఆమె ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా పనిచేస్తున్న చేతుల్లో అది ఉంది.

నూటికి నూరు పట్టు

మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పర్ఫెక్షనిజం అంటారు. ఈ అధ్యాయంలో మనం 'నూటికి నూరు పట్టు' అని పిలుచుకుందాం. పని బాగా రావాలన్న కోరిక ఒకటి, ఎక్కడా తప్పు దొర్లకూడదన్న భయం మరొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1990లో అమెరికన్ పరిశోధకుడు రాండీ ఫ్రాస్ట్, ఆయన సహచరులు తయారుచేసిన ప్రశ్నావళి ఈ రెండింటినీ వేరుచేసి కొలిచింది. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం ఒక కొలత. తప్పు జరిగితే నా విలువే పోతుందన్న బెంగ, చేసినది సరిగా చేశానా లేదా అన్న అనుమానం వేరే కొలతలు. ఆందోళనకు, దిగులుకు ఎక్కువగా ముడిపడేవి ఈ రెండో రకానివే.

మరుసటి ఏడాది కెనడాకు చెందిన పాల్ హ్యూయిట్, గార్డన్ ఫ్లెట్ ఈ పట్టు ఎటువైపు నుంచి వస్తుందో కొలిచే మరో ప్రశ్నావళి తయారుచేశారు. మన నుంచి మనమే నూటికి నూరు కోరుకోవడం ఒక రకం. ఎదుటివారి నుంచి కోరడం ఇంకో రకం. లోకమంతా నా నుంచి నూటికి నూరు ఆశిస్తోంది, అది ఇవ్వకపోతే నన్ను లెక్కచేయదు అనుకోవడం మూడోది. థామస్ కరన్, ఆండ్రూ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1989 నుంచి 2016 దాకా అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఈ ప్రశ్నావళి పూరించిన 41 వేలకు పైగా కాలేజీ విద్యార్థుల జవాబులను ఒకచోట చేర్చి చూశారు. మూడు రకాలూ పెరిగాయి. అన్నిటికన్నా వేగంగా పెరిగింది మూడోది.

మన ఇళ్లలో ఈ మూడో రకానికి సర్వే అక్కర్లేదు. తొంభై ఏడు మార్కులు తెచ్చిన పిల్లను "మిగతా మూడూ ఎక్కడ పోయాయి?" అని అడిగే ఇళ్లు మనందరికీ తెలుసు. ఆ పిల్ల పెద్దదై తొక్కు అమ్మాలనుకున్నప్పుడు, సీసా కొనబోయే అపరిచితులంతా ఆ ప్రశ్నే అడుగుతారని లోపల అనిపిస్తుంది. ఆమె కాళ్లకు అడ్డం పడుతున్నది తొక్కు మీది ప్రేమ కాదు, ఆ ప్రశ్న.

అయితే నూటికి నూరు పట్టుకున్నవాళ్ల పని చివరికి బాగా వస్తుందా? ఒట్టావా విశ్వవిద్యాలయంలో పాట్రిక్ గోడ్రో బృందం ఈ సంగతి పరీక్షించింది. పని చాలా బాగుండాలని కోరుకునేవారిని ఒకవైపు, ఏ లోపమూ ఉండకూడదని పట్టుబట్టేవారిని మరోవైపు తీసుకుంది. కొత్త ఆలోచనలు ఎన్ని తట్టాయి, ఎంత కొత్తవి తట్టాయి అని కొలిచే పరీక్షల్లో మొదటివారే ముందున్నారు. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. 'చాలా బాగుంది' దాటి 'ఏ లోపమూ లేదు' దాకా పోవడానికి పెట్టే అదనపు శ్రమ పనికి చేరలేదన్నమాట.

ఎన్నిసార్లు చూస్తే అంత అనుమానం

తెలుగువాళ్లకు బస్తర్‌తో ఉన్న చుట్టరికం ఓరుగల్లు నాటిది. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి వచ్చి కొత్త రాజ్యం నిలిపాడని బస్తర్ రాజవంశపు సంప్రదాయం. ఆయన గురించి ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కులదేవత దంతేశ్వరి ఆయనతో "నువ్వు ముందు నడు, నీ వెనకే నేను వస్తాను. ఎంత దూరం నడిస్తే అంత నేలా నీదే. వెనక్కి మాత్రం తిరిగి చూడకు" అందట. అమ్మవారి అందెల చప్పుడు వింటూ ఆయన నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో కాళ్లు కూరుకుపోయి అందెలు మోగలేదు. ఆయన వెనక్కి తిరిగాడు. అమ్మవారు అక్కడే ఆగిపోయింది. ఇప్పటి దంతెవాడలో ఆమె గుడి ఉన్నది ఆ సంగమం దగ్గరే.

వెనక్కి తిరిగి చూసుకునే ఆ అలవాటు మీద 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ ఒక చక్కని ప్రయోగం వెలువరించారు. కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యి బొమ్మ పెట్టి, మంట వెలిగించి ఆర్పి, ఆర్పామా లేదా అని సరిచూడమన్నారు. కొందరు అదే పొయ్యిని మళ్లీ మళ్లీ సరిచూశారు. మిగతావారు ఆ మధ్యలో వేరే వస్తువులను సరిచూశారు. చివర్లో అందరినీ పొయ్యి గురించి అడిగితే, నిజానికి రెండు గుంపులకూ దాదాపు ఒకేలా గుర్తుంది. కానీ పదేపదే చూసినవారికి ఆ జ్ఞాపకం మసకగా అనిపించింది, దాని మీద వాళ్లకు నమ్మకం పోయింది. సరిచూసుకోవడం ఎక్కువైనకొద్దీ అనుమానం తగ్గలేదు, పెరిగింది.

పదో లేబుల్ గీయించిన రోజు మన తొక్కు ఆమెకు మొదటి లేబుల్ నాటి కన్నా ధైర్యం తక్కువగా ఉండటానికి ఇదొక కారణం. భరోసా కోసం ఆమె చేస్తున్న పనే భరోసాను తినేస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది, అది మరింత గట్టిది. "వచ్చే కాపుకు చూద్దాం" అన్న క్షణంలో గుండె మీది బరువు దిగుతుంది. ఆ హాయి మెదడుకు బహుమతి. ఏ పని చేస్తే హాయి దొరికిందో ఆ పనిని మెదడు మళ్లీ చేయమంటుంది. ఇక్కడ హాయి దొరికింది వాయిదా వేయడంలో కనుక మెదడు నేర్చుకునేదీ వాయిదా వేయడాన్నే. ఏడాదికోసారి ఈ పాఠం చదివితే కొన్నేళ్లకు అది స్వభావంలా కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు "ఆమె తీరే అంత" అంటారు. ఆమె కూడా నమ్ముతుంది.

తప్పు మోసుకొచ్చే కబురు

మెదడులో తప్పును పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంది. ఆ సంగతి 1990ల తొలి రోజుల్లో జర్మనీలో ఒక ప్రయోగశాల, అమెరికాలో ఒక ప్రయోగశాల విడివిడిగా కనిపెట్టాయి. తల మీద విద్యుత్ తరంగాలను కొలిచే తీగలు అమర్చి, గబగబా మీటలు నొక్కే ఆట ఆడిస్తే, తప్పు మీట నొక్కిన సెకనులో పదో వంతు లోపే నుదుటి వెనుక మధ్యభాగం నుంచి ఒక తరంగం లేస్తుంది. "అయ్యో" అని మనం అనుకునే లోపే మెదడు అనేసుకుంటుందన్నమాట. దీన్ని 'తప్పు గంట' అందాం. ఆందోళన ఎక్కువగా ఉండేవారిలో ఈ తప్పు గంట మరింత గట్టిగా మోగుతుందని తర్వాతి పరిశోధనల్లో పదేపదే కనిపించింది. వాళ్లు తప్పుకు భయపడటం నటన కాదు, గారాబం కాదు. వాళ్లకు ఆ గంట నిజంగానే పెద్దగా వినిపిస్తుంది.

కానీ ఆ గంట మోగాల్సిన గంట. మెదడు దేన్నయినా ఎలా నేర్చుకుంటుంది? ఈ ప్రశ్నకు 1990ల్లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చాలా మంచి జవాబు ఇచ్చాయి. కోతికి అనుకోకుండా పళ్లరసం దొరికితే మెదడులో డోపమిన్ కణాలు ఉత్సాహంగా స్పందించాయి. రసం వస్తుందని ముందే తెలిసి, అనుకున్నట్టే వస్తే ప్రత్యేకంగా స్పందించలేదు. వస్తుందనుకున్నది రాకపోతే వాటి చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. మెదడుకు కావలసినది అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా. దాన్ని 'అంచనా తేడా' అందాం. తేడా తెలిస్తే అంచనా సరిదిద్దుకుంటుంది, అదే నేర్చుకోవడం. తేడా తెలియాలంటే ముందు ఏదో ఒకటి జరగాలి. ఇంట్లో కూర్చుని పది లేబుళ్లు గీయిస్తే అంచనాలు పదిరెట్లవుతాయి, తేడా మాత్రం ఒక్కటీ దొరకదు. తొక్కులో ఉప్పెక్కువైందో లేదో సీసా కొన్న ఇల్లాలు చెప్పాలి. జగదల్‌పూర్‌లో హల్బీ మాట్లాడే కుటుంబం ఆ కారం తింటుందో తినదో ఆ ఇంటి కంచంలోనే తేలాలి.

ఈ సంగతికి ఇక్కడే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. వినోబా భావే శిష్యుడు ధర్మపాల్ సైనీ 1976లో బస్తర్ వచ్చి, జగదల్‌పూర్ దగ్గర డిమరాపాల్‌లో మాతా రుక్మిణీ ఆశ్రమం మొదలుపెట్టారు. ఆయన అనుకున్నది ఆదివాసీ ఆడపిల్లల చదువు. పిల్లలతో కలిసి ఉండటం మొదలయ్యాక ఆయనకు వేరే సంగతి కంటపడింది. వాళ్లు మైళ్లకు మైళ్లు అలుపు లేకుండా నడిచేస్తున్నారు, ఆయనకన్నా ముందుంటున్నారు. దాంతో చదువు పక్కన పరుగు, ఆటలు చేరాయి. తర్వాత ఆ ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలు క్రీడల్లో పేరు తెచ్చుకున్నారు. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆటల సంగతి ఆయన రాసుకున్న ఏ పథకంలోనైనా ముందే ఉండగలిగేదా? ఆ పిల్లల వెంట అడవి దారిలో నడవకుండా తెలిసే మార్గం లేదు.

చుక్కల అమావాస్యకు దుంగ రావాలి

ఇప్పుడు ఈ ఊరి దసరాకు వద్దాం. బస్తర్ దసరా మామూలుగా 75 రోజులు సాగుతుంది. అధికమాసం మధ్యలో పడితే నూరు రోజులు దాటుతుంది, 2023లో అలాగే 107 రోజులయింది. రాముడు, రావణుడు ఇక్కడ కనిపించరు, దిష్టిబొమ్మలు కాల్చరు. పండుగ దంతేశ్వరి అమ్మవారిది. ఆమె ఛత్రాన్ని పెద్ద చెక్క రథం మీద ఊరేగిస్తారు. నాలుగు చక్రాల పూలరథం ఒకటి, ఎనిమిది చక్రాల విజయరథం ఒకటి. ఒక ఏడాది మొదటిది కొత్తగా చేస్తే మరుసటి ఏడాది రెండోది కొత్తగా చేస్తారు. అంటే ప్రతి ఏడాదీ జగదల్‌పూర్ వీధిలో ఒక రథం మొదటి నుంచి పుడుతుంది.

పని మొదలయ్యేది హరేలీ అమావాస్యనాడు. మన పంచాంగంలో అది ఆషాఢ బహుళ అమావాస్య, చుక్కల అమావాస్య అంటాం. ఆ రోజు బిలోరీ గ్రామం నుంచి మొదటి దుంగ వస్తుంది, దానికి పాట్ జాత్రా పూజ చేస్తారు. తర్వాత అడవి నుంచి సాల, తినిశ కలప వస్తుంది. సాలను మనవైపు గుగ్గిలం చెట్టు అంటాం. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు పల్లెల వడ్రంగులు సిరహాసార్ భవనం దగ్గర బసచేసి, గొడ్డళ్లు, బాడిసెలు పట్టుకుని పనిలో దిగుతారు. ఆ పని తరతరాలుగా ఆ పల్లెలదే. నకాశా కాగితం ఉండదు. కొలత పెద్దవాళ్ల చేతిలో, కంట్లో ఉంటుంది. రథాన్ని లాగే తాళ్లు అడ్డతీగ నారతో వేరే పల్లెలవాళ్లు పేనుతారు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది తేదీ. ఆశ్వయుజ మాసంలో రథం కదలాలి. అది పంచాంగంలో ఉన్న తేదీ, వడ్రంగి మనసులో ఉన్న తేదీ కాదు. వానాకాలపు పచ్చి కలప, కురుస్తున్న వాన, ఏ దుంగ ఎలాంటిదో ముందు తెలియని పరిస్థితి. 'ఈ దుంగ బాగా లేదు, వచ్చే ఏడు చూద్దాం' అనే వీలు ఈ ఏర్పాటులో ఎక్కడా లేదు. ఉన్న దుంగను ఎక్కడ వాడాలో చూసుకుంటారు. మొదలుపెట్టాలా వద్దా అన్న ప్రశ్న ఏ ఒక్కరి భుజం మీదా పడదు. దుంగ ఒక ఊరిది, చెక్కడం ఇంకో ఊరిది, తాడు మరో ఊరిది. ఒక మనిషి 'నేను సరిపోతానా' అని కూర్చుని బెంగపడే చోటును ఈ పంపకం మిగల్చలేదు.

రథం రూపం కూడా ఒక్కసారిగా కుదిరింది కాదంటారు. పురుషోత్తమ దేవుడనే రాజు పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో పూరీ యాత్ర చేసి, రథపతి అనే బిరుదుతో తిరిగొచ్చి ఈ ఊరేగింపు మొదలుపెట్టాడని సంప్రదాయం చెబుతుంది. మొదట్లో పన్నెండు చక్రాల రథం ఉండేదని, దాన్ని లాగడం కష్టమై తర్వాతి కాలంలో ఎనిమిది, నాలుగు చక్రాలుగా విడదీశారని అంటారు. పన్నెండు చక్రాలు బరువని వీధిలో లాగినవాళ్ల భుజాలు చెప్పి ఉంటాయి. లాగి చూశాకే ఎనిమిది, నాలుగు అన్న లెక్క కుదిరింది.

ఇదే రథం పనిలో తొందర పనికిరాని ఘట్టమూ ఉంది. చక్రం నడుమ ఇరుసు దూరే రంధ్రం తొలిచే రోజున నార్ ఫోడ్‌నీ అనే పూజ ప్రత్యేకంగా జరుగుతుంది. నేను దాన్ని చూసే తీరు ఇది: రథమంతటిలో తప్పు జరిగితే మనుషులకు దెబ్బ తగిలే చోటు ఇరుసు. అక్కడ అందరూ ఆగి, దండం పెట్టుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. పైన కట్టే గుడ్డకో పూలకో అలాంటి ఆగడం లేదు. జాగ్రత్త మొత్తాన్నీ పని నిండా సమానంగా పరిచేస్తే ఇరుసుకు దక్కేది తక్కువ.

మైనం, ఇత్తడి

జాగ్రత్త ఎక్కడ పెట్టాలో ఇంతకన్నా స్పష్టంగా చూపేది బస్తర్ డోక్రా. జగదల్‌పూర్, కొండగావ్ ప్రాంతాల్లో ఘడ్వా కళాకారులు ఇత్తడి బొమ్మలు పోసే పద్ధతి ఇది. కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ దీన్ని దేశవిదేశాలకు తెలియజేశారు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఓజా కళాకారులదీ ఇదే వంశపు విద్య, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మను పోసింది కూడా ఈ మైనం పద్ధతిలోనే.

మొదట ఊక కలిపిన మట్టితో బొమ్మ లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. దాని మీద తేనెమైనాన్ని సన్నని తీగల్లా చేసి చుడతారు. కళ్లు, ముక్కు, నగలు, జుట్టు అన్నీ ఈ మైనం తీగలే. పైన మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి పూసి, మైనం బయటికి పోవడానికి దారి వదిలి కాలుస్తారు. తేనెమైనం 60 డిగ్రీలు దాటగానే కరిగి వెళ్లిపోతుంది. అది వదిలిన ఖాళీలోకి 900 డిగ్రీలకు పైన కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక మట్టి మూసను పగలగొడతారు. ఒక మూస ఒక్క బొమ్మకే, అచ్చు అలాంటిది ఇంకోటి రాదు.

ఇందులో రెండు దశలున్నాయి. మైనం మెత్తగా ఉన్నంతసేపూ ఎన్ని తప్పులైనా చేయవచ్చు. ముక్కు వంకర పోతే తీసి మళ్లీ పెట్టవచ్చు, నగ నచ్చకపోతే వేరే తీగ చుట్టవచ్చు. ఆ తప్పులకు ఖర్చు లేదు, అవి నేర్పే పాఠం పెద్దది. ఇత్తడి పోసే దశలో అలా కాదు. మట్టిలో తడి మిగిలినా, దారి మూసుకున్నా ముందు చేసిన శ్రమంతా పోతుంది. అందుకే అక్కడ తొందరపడరు. తీరా మూస పగిలాక ఎక్కడో చిన్న వెలితి కనిపిస్తే దాన్ని సరిచేస్తారు, రాకి మెరుగు పెడతారు. బొమ్మ సంతకు పోతుంది.

నూటికి నూరు పట్టు ఉన్న మనిషి ఈ రెండు దశలనూ కలిపేస్తాడు. మైనాన్ని కూడా ఇత్తడి అనుకుంటాడు. ఉత్తరం చిత్తుప్రతి రాయడానికే చేయి వణుకుతుంది, రేపే దాన్ని అచ్చులో చూడబోతున్నట్టు. తొక్కు సంగతే చూడండి. చేతులు, జాడీ, సీసా శుభ్రంగా ఉండటం, ఉప్పు పాలు తగ్గకపోవడం, తడి తగలకపోవడం, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం ఇత్తడి పనులు. వాటిలో రాజీపడితే కొన్నవాళ్ల కడుపుకు చేటు. లేబుల్ రంగు, సీసా ఆకారం, పేరు మైనం పనులు. ఈ వారం తెల్ల కాగితం మీద చేత్తో రాసి అంటించవచ్చు, వచ్చే నెల మార్చవచ్చు. ఆమె రెండేళ్లుగా ఆగింది మైనం దగ్గరే.

ఆపరేషన్ చేసే డాక్టరుకు, విమానం నడిపే పైలట్‌కు ఇత్తడి పనులు ఎక్కువ. వాళ్లను 'ఏదో ఒకటి చేసేయండి' అనలేం. అయితే వాళ్ల శిక్షణను గమనించండి. పైలట్ నకిలీ విమానంలో, సిమ్యులేటర్‌లో, లెక్కలేనన్నిసార్లు కూలిపోయి నేర్చుకుంటాడు. ప్రాణాలతో పనిచేసే వృత్తులు ముందుగా తమ కోసం ఒక మైనం దశను కట్టుకున్నాయి. మిగతా మనందరికీ ఆ దశ ఊరికే దొరుకుతోంది.

పని ముందు, హుషారు తర్వాత

"మనసు కుదరాలి కదా, కుదిరాక మొదలుపెడతాను" అని చాలామంది అంటారు. వరుస తిరగబడిందని చెప్పడానికి బలమైన సాక్ష్యం గోవా నుంచి వచ్చింది. విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే, తీవ్రమైన దిగులుతో ఉన్న రోగుల మీద చేసిన అధ్యయనాన్ని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. వాళ్లకు సలహాలిచ్చినవారు మానసిక వైద్యులు కారు, ఆ పనికోసం శిక్షణ పొందిన మామూలు మనుషులు. వాళ్లు చేసినది ముఖ్యంగా ఒకటి. మనసు బాగుపడేదాకా ఆగకుండా రోజువారీ చిన్న పనులను, ఇష్టమైన పనులను తేదీ వేసుకుని చేయించడం. మూడు నెలలకు ఈ సాయం అందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు చికిత్సతో ఉన్నవారిలో 39 శాతం. తీవ్రమైన దిగులులోనే పని ముందు నడిచి మనసును వెంట తీసుకురాగలిగితే, లేబుల్ దగ్గర ఆగిన మనిషి కూడా ఆశపడవచ్చు.

తేదీ వేసుకోవడం దగ్గర పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇంకో మెట్టు చూపించారు. క్రిస్మస్ ముందురోజు ఎలా గడిచిందో రెండు రోజుల్లో రాసి పంపమని విద్యార్థులకు చెప్పారు. కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే కాగితం మీద పెట్టమన్నారు. అలా పెట్టినవారిలో ఎక్కువమంది గడువులో పంపారు, పెట్టనివారిలో మూడో వంతు మందే పంపారు. ఆ తర్వాత ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలను పరిశీలిస్తే చాలా రకాల పనుల్లో ఈ చిన్న కిటుకు పనిచేస్తోందని తేలింది. 'త్వరలో అమ్ముతాను' అనడం ఒక కోరిక. 'ఆదివారం సంతలో బేరం మొదలవగానే ఆరు సీసాలతో మా పిన్నిగారి దుకాణం పక్కన కూర్చుంటాను' అనడం చుక్కల అమావాస్య లాంటి ఏర్పాటు. బేరం మొదలవడమే కబురు, అప్పుడు మనసును అడగనక్కరలేదు. పక్కన పిన్నిగారు కూడా ఉంటే మరీ మంచిది. రథానికి తాడు పేనే ఊరు వేరే ఉన్నట్టు, మన పనిలో ఒక ముక్క ఇంకొకరి చేతిలో పెట్టడం వల్ల వాయిదా వేయడం కష్టమవుతుంది.

తప్పు గంట మరీ పెద్దగా మోగేవారి కోసం బ్రిటన్‌లో రోజ్ షాఫ్రన్, ఆమె సహచరులు 2002 నుంచి అభివృద్ధి చేస్తూ వచ్చిన చికిత్సలో ఒక అభ్యాసం ఉంది. దాన్ని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఒక కాగితాన్ని రెండు నిలువు గళ్లుగా గీయండి. మీరు ఇంకా సరిచూడాలనుకుంటున్న ఒక మైనం పనిని ఒక్కసారే చూసి బయటికి వదిలేయండి. వదిలేముందు, ఏం జరుగుతుందని భయపడుతున్నారో మొదటి గడిలో రాయండి. ఎవరు ఏమంటారు, ఎంతమంది అంటారు, ఎంత నష్టం జరుగుతుంది అని వివరంగా రాయాలి. పొడిపొడిగా రాస్తే తర్వాత పోల్చడం కుదరదు. వారం తర్వాత రెండో గడిలో జరిగినది జరిగినట్టు రాయండి. ఇందాక చెప్పుకున్న అంచనా తేడా ఆ రెండు గళ్ల మధ్య కళ్లెదుట కనిపిస్తుంది. కొన్నిసార్లు భయపడినదే జరుగుతుంది కూడా. అప్పుడు దాని అసలు పరిమాణం ఎంతో తెలుస్తుంది, దాన్ని ఎలా సరిచేశారో కూడా అదే గడిలో రాసుకోండి.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే, తప్పు జరుగుతుందన్న భయంతో పరీక్షలు, ఉద్యోగాలు, పెళ్లి చూపులు వదులుకునేదాకా వస్తే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే కాగితం, కలంతో ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో, హిందీలో కూడా మాట్లాడతారు. ఫోన్‌లో ఏం చెప్పాలో ముందే సరిగ్గా కూర్చుకోవాల్సిన పని లేదు, మాట ఎక్కడి నుంచి మొదలైనా వాళ్లు అందుకుంటారు.